జవాబు వినని లైను

రెండక్షరాల ఆజ్ఞ అది.
ఒక పేరు వదిలి ఇంకో పేరులోకి దూరడానికి.
ఇరవై ఆరేళ్ళుగా దాని బాగోగులు నావే.
జీతం లేదు. ఏడాదికి ఓ పది ఫిర్యాదులు,
మాంటెవిడియోలో, రెండో అంతస్తులో,
నూనె మరకల వంటబల్ల మీద.

ఈసారిది పైసందూ ఆసుపత్రి నుంచి.
యమందూ అనే కుర్రాడు, రాత్రి డ్యూటీ.
"సెన్యోరా నెలిదా, రూట్ నుంచి
ల్యాబు అకౌంటులోకి దిగుతాను.
రిపోర్టులు అచ్చవుతాయి. అంతా మామూలే.
తెల్లారి చూస్తే కొన్ని ఫైళ్ళకి యజమాని రూట్!
వారానికి ఒక్కసారి. అదీ మూడు గంటలకే.
నర్సు దెయ్యం అంటోంది."

దెయ్యాలకి లాగిన్ ఉండదని రాసి
మాతే గిన్నెలో వేణ్ణీళ్ళు పోసుకుని
కూర్చున్నాను.

పాస్‌వర్డ్ అడిగే దారి చూశాను. శుభ్రం.
పేరు పక్కన పెట్టే ఆ చిన్న గీత చూశాను,
అది ఉంటే పాత జేబులన్నీ దులిపి పంపుతుంది,
లేకపోతే వెనకటి ఇంటి దుమ్ముతోనే పోనిస్తుంది.
అక్కడా తప్పు లేదు.
పరకాయ ప్రవేశంలో అసలు చిక్కు
వదిలొచ్చిన ఒంటిదే.
పిల్ల ప్రాసెస్ లోపల పని చేసుకుంటుంటే
తల్లి ప్రాసెస్ గుమ్మంలో కాపలా ఉంటుంది,
నిద్రపోయిందేమోనని దాన్నీ కుదిపి చూశాను.
మెలకువగానే ఉంది, పాపం.

వాషింగ్టన్ బెంతాంకోర్ నేర్పిన వరస గుర్తొచ్చింది:
గుంపులు ముందు, పేరు తర్వాత.
"తాళంచెవులు ఇచ్చేశాకే కుర్చీ దిగు.
దిగాక, ఇవ్వడానికి కూడా నీకు అధికారం ఉండదు."
వరస సరిగ్గానే ఉంది.
ఆయన రాసింది ఆయన రాసినట్టే ఉంది.

పదకొండో రాత్రికి బుద్ధొచ్చి అడిగాను:
మూడింటికి అక్కడ ఇంకేం జరుగుతుంది?
"బ్యాకప్. ల్యాబు పేరు మీదే.
నూట ఇరవై ప్రాసెస్‌లు ఒక్కసారిగా లేస్తాయి."

నాలుగు వందల పన్నెండో లైను.
నన్ను ల్యాబుగా మార్చు, అని కెర్నెల్‌ని అడుగుతుంది.
కుదరదు, ఆ పేరు మీద ఇక చోటు లేదు, అంటుంది కెర్నెల్.
అంటూ ఉండగానే
నా లైను గడప దాటేస్తుంది.

మారలేదు.
మారాననుకుంది.
రూట్ తలపాగాతోనే కూర్చుని
ఎవరి నెత్తురులోనో చక్కెర ఎంతో
పొద్దుటిదాకా రాసుకుపోయింది.

పక్కనే వ్యాఖ్య, నా చేత్తో:
"ఇది ఎప్పుడూ విఫలం కాదు. - నె."
తొంభై తొమ్మిది, జులై.
కిరోసిన్ హీటరు కంపు, వేళ్ళకి చలి.
కోడ్ నాకప్పగించి ఆయన ఆసుపత్రిలో చేరిన వారం.
వార్డు ఫోను నుంచి ఏదో చెబుతున్నారు, ఆగి ఆగి.
సరే, సరే, అర్థమైంది అని పెట్టేశాను.
ఈ లైను గురించేనా?
కాకపోవచ్చు. దుప్పటి తెమ్మన్నారేమో.

మరమ్మతు ఆరు లైన్లు.
అడుగు. విను.
కాదంటే అక్కడే ఆగిపో, ఎందుకాగావో చెప్పు.
పేరు మార్చుకునే వాళ్ళకి ఇంతకన్నా
నేర్పడానికి నా దగ్గరేమీ లేదు.
పాత వ్యాఖ్య చెరపబోయి, కింద ఇంకోటి చేర్చాను:
"అయింది. పైసందూలో. - నె."

శుక్రవారం యమందూ ఉత్తరం:
"కొత్తది వేశాను. మూడింటికి మారడం లేదు.
కుదరదని చెప్పి ఆగిపోతోంది.
రిపోర్టులు ఆలస్యం, డాక్టరు అరుస్తున్నాడు.
సెన్యోరా, ఇది బాగయినట్టా, చెడినట్టా?"

బాగయినట్టే, అని రాశాను.
బ్యాకప్ రెండింటికి జరుపుకో.